హెల్మెట్ అద్దం మీద తొమ్మిది చలికాలాలు

ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. మా నాన్నగారు యాభై ఎనిమిదికి అయ్యారు. ఆయనకంటే ఇరవై ఏడేళ్లు ముందున్నాను, కానీ ఇంట్లో ఎవరూ దీన్ని ఘనతగా ఒప్పుకోవడం లేదు. నడుములో డిస్కు ఒకటి పక్కకి జరిగిందనీ, ఇక రోజూ వంద కిలోమీటర్లు మోటారు సైకిల్ మీద గట్ల వెంట తిరగడం కుదరదనీ డాక్టరుగారు తేల్చారు. "గతుకుల్లో తిరుగుతారా?" అని అడిగారు. "లేదండి, అప్పుడప్పుడూ మధ్యలో రోడ్డు కూడా తగులుతుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. స్కానింగ్ చూస్తున్నారు.

భీమవరంలో ఒక ప్రైవేటు ఆక్వా ల్యాబులో ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. తెల్లవారక ముందే రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లాలి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరుతో చూడాలి. సీసాలో నీళ్లు, డబ్బాలో నాలుగు బతికున్న రొయ్యలు పట్టుకుని, అవి చచ్చేలోగా ల్యాబుకి చేర్చాలి. వీడ్కోలు సభలో శాలువా కప్పి, నన్ను రైతుకీ శాస్త్రానికీ మధ్య వారధి అన్నారు. వారధి సంగతి నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు ఆ ఉద్యోగంలో ముప్పాతిక వంతు, మంచు పట్టిన హెల్మెట్ అద్దంలోంచి దారి కనుక్కోవడమే.

నా స్థానంలో ఇద్దరు చేరారు. ఇద్దరూ ఫిషరీస్ చదువుకున్నవాళ్లు. నీళ్ల గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. నన్ను ఒకే ఒక్కటి అడిగారు: "అన్నా, మంచులో అద్దానికి ఏం రాస్తావు?" అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయడం లేదు. రాలేదు కాబట్టి.

చెరువుకి కష్టమైన గంట

పగలంతా చెరువు నీళ్లలోని నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే నాచు మాట మార్చి, రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకే సూర్యుడు రావడానికి ముందు గంట చెరువుకి అన్నిటికంటే కష్టమైనది. మీటరు ఆ గంటలోనే ముంచాలి. ఎనిమిదింటికి ఇడ్లీ తిని వెళ్లి ముంచితే అన్ని చెరువులూ ఆరోగ్యంగానే ఉంటాయి. నాకు ముందు చేసినాయన అలాగే ముంచేవాడట. ఆయన రాసిన పుస్తకంలో రోగమన్నదే లేదు. చెరువుల్లో ఉండేది.

ధనుర్మాసంలో ఆ గంటకి మా దారులు ఈ లోకంలో ఉండవు. కాలువ పొగలు కక్కుతూ ఉంటుంది. వంతెన సగం వరకే ఉంటుంది, మిగతా సగం మనం వెళితే వస్తుంది. చెరువుల మీద దీపాలు స్తంభాలు లేకుండా గాలిలో వేలాడుతుంటాయి. నీళ్లని చిలికే ఏరియేటర్లు కనిపించవు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పెద్ద ఇంట్లో ఎక్కడో చాలామంది ఒకేసారి బట్టలు ఉతుకుతున్నట్టు ఉంటుంది. కొంగలు గట్టు మీద నిలబడి ఉంటాయి, లేదా అవి తెల్ల సిమెంటు సంచులు. దగ్గరికి వెళితే ఎగిరేవి కొంగలు. ఒకసారి సంచి కూడా ఎగిరింది.

ఇలాంటి ఉదయాల్లో మనిషికి పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయి. ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే మిగిలానా అనిపిస్తుంది. అప్పుడే వెనకనించి గడ్డి ట్రాక్టరు హారన్ కొడుతుంది.

రెండు రకాల మంచు

నాకు పని నేర్పింది సుబ్బరాజుగారు. మా ల్యాబులో అందరికంటే పాతకాపు. ఆయన అద్దం పైకెత్తి పెట్టుకునే బండి నడిపేవారు. అద్దం దించితే మంచు పడుతుంది, ఎత్తితే పట్టదు, ఇందులో చదువు ఏముంది అనేవారు. చలిగాలి కొట్టి కొట్టి, చెరువు చేరేసరికి ఆయన కళ్లు ఎర్రబడి ధారాపాతంగా కారేవి. రైతులు చూసి కరిగిపోయేవారు. "మన చెరువు చూసి రాజుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారండి" అని ఊళ్లో చెప్పుకునేవారు. ఇరవై ఏళ్లు ఆ గౌరవంతో బతికారు. ఇరవై ఒకటో ఏట కంటి డాక్టరు దగ్గరకి వెళ్లారు. తరవాత నాకు అద్దం దించుకోమని చెప్పారు.

ఆయన చెప్పిన మొదటి పాఠం ఇదీ. "ఏరా, అద్దం మసకేస్తే ముందు ఏం చేస్తావు?"

"తుడుస్తానండి."

"ఎటువైపు?"

నేను ఆలోచించలేదు. చాలామంది ఆలోచించరు. పొగమంచులో వెళుతుంటే అద్దం బయట సన్నటి నీటి తుంపర పేరుకుంటుంది. చల్లటి అద్దానికి మన వెచ్చటి ఊపిరి తగిలి లోపల మసక పడుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి. బయట వేలితో గీత గీయండి. గీతలోంచి దారి కనిపిస్తే మంచు బయటిది, చేతితొడుగుతో తుడుచుకుంటే సరిపోతుంది. గీత పడ్డాక కూడా మసకగానే ఉంటే లోపలిది. లోపలిదాన్ని బయట తుడుస్తూ పది కిలోమీటర్లు వెళ్లినవాళ్లని నేనెరుగుదును. వాళ్లలో ఒకడు కాలువలోకి వెళ్లాడు. కాలువలో ఆ రోజు నీళ్లు లేవు, బురదే. వాణ్ణి మూడుసార్లు కడిగాం.

లోపలి మంచుకి మందు ఏమిటని లోకంలో ఎవర్నడిగినా ఒక చిట్కా చెబుతారు. నేను అన్నీ చూశాను. పళ్ల పేస్టు రాస్తే మంచు తగ్గుతుంది, అద్దం మీద సన్నటి గీతలు పడతాయి. ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపమూ మతాబులా విచ్చుకుంటుంది. ఏడాదంతా దీపావళి కావాలనుకునేవారికి మంచిది. పచ్చి బంగాళాదుంప ముక్క రుద్దితే రెండు మూడు కిలోమీటర్లు పనిచేస్తుంది, తరవాత ఆకలేస్తుంది. గడ్డం గీసుకునే నురగ పరవాలేదు. గిన్నెలు తోమే ద్రవం అన్నిటికంటే మేలు. ఒక్క చుక్క చాలు. పొడి అద్దానికి లోపలివైపు పలచగా రాసి, ఆరనిచ్చి, మెత్తటి నూలు గుడ్డతో అద్దం తేటపడేదాకా మర్దించాలి. కాయితంతో తుడవకూడదు. కంపెనీవాళ్లే మంచు పట్టకుండా పూత వేసి ఇచ్చిన అద్దమైతే ఏమీ రాయకూడదు, ఆ పూతే పోతుంది.

ఎన్ని రాసినా హెల్మెట్‌లోకి గాలి ఆడాలి. చలికి గాలి రంధ్రాలు మూసుకుని, పైన మఫ్లరు చుట్టుకుని, అద్దం బిగించి, ఇంత మంచెందుకు పడుతోందని అడగకండి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అద్దం వేలెడు సందు తెరిచి ఉంచండి. ముక్కు మీద జేబురుమాలు కడితే ఊపిరి కిందికి పోతుంది. అద్దం లోపల అతికించే రెండో పొర ఒకటి దొరుకుతుంది. రెండిటి మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి చల్లదనం లోపలికి రాదు. ఇన్నిటిలోనూ సరైనది అదే. నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏట కొన్నాను. మొదటి ఏడాదే కొని ఉంటే ఈ కింది సంగతి రాసే అవసరం ఉండేది కాదు.

స్పాంజి

అది మూడో చలికాలం. గిన్నెలు తోమే ద్రవం విద్యలో నేను అప్పటికి పండితుణ్ణి. ఇంట్లో రాసుకోవడం బద్ధకమై, ద్రవంలో తడిపిన చిన్న స్పాంజి ఒకటి వెంట పెట్టుకుని దారిలోనే పని కానిచ్చేవాణ్ణి. ఆ రోజు ఉండి అనే ఊరు దాటాక ఆగి అద్దానికి స్పాంజి పులిమాను. తడి స్పాంజిని జేబులో పెడితే చలి. అందుకని బండికి కట్టిన ఖాళీ డబ్బాలో వేశాను.

అది రొయ్యలు తెచ్చే డబ్బా. మూత ఉన్న తెల్ల ప్లాస్టిక్‌ది, బ్యాటరీతో బుడగలు వదిలే చిన్న మోటారు బిగించి ఉంటుంది. చెరువు దగ్గర స్పాంజి తీసి జేబులో పెట్టుకుని, డబ్బా ఒకసారి బోర్లించి దులిపి, అందులో చెరువు నీళ్లూ నాలుగు రొయ్యలూ వేశాను. కడగలేదు. చెరువు నీళ్లు పోయడానికి డబ్బా కడగడం దేనికని అప్పటి నా తర్కం.

ఆ చెరువు నాగమణిగారిది. యాభై ఏళ్ల మనిషి. రెండు చెరువులు కౌలుకి తీసుకుని, మేత వేయించడం నుంచి మోటార్ల దాకా అన్నీ తనే చూసుకునేవారు. ముందటి పంట తెల్లమచ్చ జబ్బుకి మొత్తం పోయింది. ఇది కూడా పోతే చెరువులు వదిలేసి తణుకులో అన్నగారి బట్టల కొట్లో గల్లా దగ్గర కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. "కూర్చోడం నావల్ల కాదబ్బాయ్. కూర్చుంటే నాకు మోకాళ్లు నొప్పి, నిలబడితే లేదు" అనేవారు. అప్పటికి ఆ పంటకి నలభై అయిదు రోజులు. రొయ్య ఇంకా చిటికెన వేలంతే, అమ్మే సైజు కాదు.

డబ్బాతో ల్యాబుకి వచ్చేసరికి నీళ్ల మీద బెత్తెడు నురగ. మూడు రొయ్యలు చచ్చాయి, నాలుగోది ఆ పనిలో ఉంది.

మా ఓనరు మూర్తిగారు. మైక్రోస్కోపు ముందు ముప్పై ఏళ్లుగా కూర్చున్న మనిషి. తెలివైనవారు, కోపిష్ఠి, ఆ రెండింటి మధ్యా విరామం ఇవ్వరు. ఫార్మాలిన్ పీల్చి పీల్చి ఆయన ముక్కుకి వాసన పోయింది. వేరే ఎవరైనా అయితే చెరువు నీళ్లకి నిమ్మకాయ వాసన ఎందుకొస్తోందని అడిగేవారు. నాకు జలుబు.

"ఏరా, అక్కడే చచ్చాయా, దార్లో చచ్చాయా?"

"దార్లోనండి."

"నురగ?"

"అదీ దార్లోనేనండి."

ఆయన మొప్పలు కోసి చూశారు. వాచి, చెదిరి ఉన్నాయి. నీళ్లలో కుళ్లు పెరిగి నురగ కట్టిందనీ, మొప్పలు దెబ్బతిన్నాయనీ, రెండు మూడు రోజుల్లో చెరువంతా తేలిపోతుందనీ తేల్చారు. నాగమణిగారికి ఫోను చేసి, మేత ఆపేసి రేపు తెల్లారేసరికి రొయ్యలు పట్టేయండి, ఉన్నవాటికి ఎంతొస్తే అంతే అని చెప్పారు. అటునుంచి "ఆయ్, అలాగేనండి" అని వినిపించింది. ఆవిడ అంతకంటే ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. నచ్చకపోయినా మధ్యాహ్నం భోజనం చేశాను.

సబ్బు సంగతి

మర్నాడు పెందలాడే లేచి, బయల్దేరబోతూ కోటు జేబులోంచి స్పాంజి తీశాను. ఎండి బిగుసుకుపోయింది. కుళాయి కింద పట్టి పిండాను. బకెట్లో నీళ్ల మీద తెల్లగా, గట్టిగా, బెత్తెడు నురగ లేచింది.

ఆ నురగని నేను ముందు రోజు చూశాను. మనిషికి జ్ఞానోదయం ఎక్కడైనా కావచ్చు. నాకు బనీనులో, బకెట్ ముందు అయింది.

నాగమణిగారికి ఫోను చేశాను. ఎత్తలేదు. పట్టుబడి రోజున, అంటే వల దించి రొయ్యలు పట్టే రోజున, ఎవరూ ఎత్తరు. చేతులు తడి, ఫోను షెడ్డులో, చుట్టూ మోటార్ల మోత. మూర్తిగారికి చేశాను. మొత్తం చెప్పాను. నాకు తెలిసి ఆయన అంతసేపు తిట్టకుండా విన్నది అదే మొదలు.

"ఎవరికి చెప్పావు?"

"మీకేనండి."

"నాకెందుకురా? వల దిగేది నా చెరువులోనా? ముందు ఆవిడకి చెప్పు. తిట్లు ఎక్కడికీ పోవు, వచ్చాక తిందువుగాని."

స్పాంజి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అద్దానికి ఏమీ రాయకుండానే బయల్దేరాను.

ఇరవై రెండు కిలోమీటర్లు. ఈ చోట నేను గాలిని చీల్చుకుంటూ వెళ్లానని రాయాలి. గంటకి పాతిక దాటలేదు. రొప్పుతుంటే అద్దం నిండా మంచు, అద్దం ఎత్తితే కళ్ల నిండా మంచు. దించుతూ ఎత్తుతూ వెళ్లాను. ఒకచోట దారి మొత్తం కదులుతున్నట్టు అనిపించి ఆగాను. బాతుల మంద. కోసిన పొలాల్లోకి తోలుకెళుతున్నారు. వందల బాతులు మంచులోంచి వచ్చి, బండికి రెండు పక్కలా చీలి, మళ్లీ మంచులోకి వెళుతున్నాయి. పొట్టల కింద తెల్లటి పొగ, కాళ్లు కనిపించడం లేదు. అవి నడుస్తున్నాయో, నేనే బండితో సహా వెనక్కి తేలిపోతున్నానో తెలియలేదు. వెనకనించి బాతుల మనిషి, మొహం కనిపించకుండా, "తొందరేం లేదుగా బాబూ?" అన్నాడు.

"కొంచెం ఉందండి."

"వాటికి లేదు మరి."

చెరువు చేరేసరికి తూర్పున బూడిద రంగు వస్తోంది. గట్టు మీద రొయ్యల కోసం వచ్చిన ఐసు బండి. నీళ్ల మీద మంచు, మంచు మీద ఎనిమిది తలకాయలు వరసగా తేలుతూ, నెమ్మదిగా అటునుంచి ఇటు వస్తున్నాయి. వల లాగేవాళ్లు. అప్పుడే మొదలుపెట్టారు. నేను బండి పడేసి గట్టు మీద పరిగెత్తాను. "ఆపండి! చెరువు కాదు, సబ్బు!" అని అరిచాను. ఎంత పరిగెత్తినా మంచు విడవదేమిటా అనుకున్నాను. హెల్మెట్ తీయలేదు.

"ఎవరయ్యా అది?" నాగమణిగారి గొంతు.

"నేనండి, ల్యాబు."

"అది తియ్యవయ్యా ముందు. కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంది."

తీసి, చెప్పాను. స్పాంజి, డబ్బా, నురగ, అన్నీ. చెబుతుంటే ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద చెరువు ఖాళీ అవుతోందా అని నాకే సిగ్గేసింది. ఆవిడ తల మీది తువ్వాలు తీసి మళ్లీ కట్టుకున్నారు.

"అయితే నా రొయ్యలు బాగానే ఉన్నాయంటావు."

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఈ చోట కొంచెం ఆగి చదవండి. ఆ క్షణాన అవునండి అనేయాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. అంటే అందరికీ బాగుండేది, ఓ గంటసేపు.

"తెలియదండి," అన్నాను. "డబ్బాలో సబ్బుందన్నది నిజం. చెరువెలా ఉందో నాకు తెలియదు. మూర్తిగారికీ తెలియదు. ఆయన చూసింది నేను సబ్బు పట్టించినవి."

"నిన్నట్నించీ మేత ఆపాను. ఆకలికి గట్టు దాకా వచ్చి తిరుగుతున్నాయి. చచ్చేవి అలా తిరుగుతాయా?"

"ఒక్కోసారి చచ్చేముందు కూడా గట్టుకొస్తాయండి."

"నువ్వు ధైర్యం చెప్పడానికొచ్చావా, తీసెయ్యడానికొచ్చావా?"

నీళ్లలోంచి వలవాళ్ల మేస్త్రీ అడిగాడు. "అమ్మగారండీ, లాగమంటారా, ఆగమంటారా? ఏదో ఒకటి చెప్పండి, చలేస్తందండి."

ఆవిడ చెరువు వైపు చూశారు. చూడ్డానికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. ఆగితే, చెరువు నిజంగానే జబ్బు పడి ఉంటే, పట్టుకునే ఈ కాసినీ కూడా దక్కవు. లాగితే, ఆరోగ్యంగా ఉన్న పంటని చేతులారా చంపుకున్నట్టు. రెండిటికీ తణుకు గల్లా పెట్టే ఎదురుగా ఉంది.

"వల అలాగే ఉంచి గట్టెక్కండి," అన్నారు. "టీ పెట్టుకోండి. నేను ల్యాబుకెళ్లొస్తాను."

గ్లాసు

నా డబ్బాని ఆవిడ కళ్లతో కూడా ముట్టుకోలేదు. షెడ్డులోంచి స్టీలు క్యాను తెచ్చి, చెరువు నీళ్లతో మూడుసార్లు కడిగి, విసురు వలతో తనే నాలుగు రొయ్యలు పట్టి వేశారు. బుడగల మోటారు ఇవ్వబోయాను. "అది కూడా ఆ డబ్బాలోదేగా?" అన్నారు. అవును. గొట్టం నిండా సబ్బే.

"మరి గాలి?" అన్నాను.

ఆవిడ స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని బండెక్కారు. ఒళ్లో క్యాను పెట్టుకుని, గ్లాసుతో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోయడం మొదలుపెట్టారు. చెరువులో ఏరియేటర్లు చేసేది అదే పని. ఆవిడకి హెల్మెట్ లేదు. అది కూడా నా తప్పుల్లో రాసుకోండి.

ఇరవై రెండు కిలోమీటర్లు వెనకనుంచి ఆ చప్పుడే. ముంచడం, పోయడం. తెల్లటి దారిలో మనుషులు లేరు, చెట్లు లేవు, కాలువకి అవతలి ఒడ్డు లేదు. నీళ్ల చప్పుడొకటి నా వీపు వెనక ప్రయాణం చేస్తోంది. బండి ముందుకి వెళుతోందన్న నమ్మకం కూడా పోయింది. నాలుగు రొయ్యలకి దాదిగా ఒక మనిషి, ఆవిడకి వాహనంగా నేను, ఎక్కడికో తెలియని మబ్బులో వెళుతున్నాం. ఇదంతా కలేమో అనుకునేంతలో గతుకొచ్చి చల్లటి చెరువు నీళ్లు నడుం మీద పడ్డాయి. కల కాదు.

"ఎడంపక్కకయ్యా! కాలవ!"

"కనపడట్లేదండి. అద్దానికి మంచు."

"నాకు కనపడుతోందిగా."

"మీకు అద్దం లేదండి."

"కొలిమి తిత్తిలాగా నోటితో రొప్పుతున్నావు, మంచు పట్టక ఏం పడుతుంది? నోరు మూసుకుని ముక్కుతో పీల్చు. నెమ్మదిగా."

నోరు మూసుకున్నాను. ముక్కుతో, కిందికి, నెమ్మదిగా. ఓ అర కిలోమీటరు వెళ్లేసరికి అద్దం అంచుల నుంచి తేటపడుతూ వచ్చింది. ముందు కాలువ గట్టు రాళ్లు, తరవాత దారి. మూడేళ్లుగా నేను ఎన్నో పూశాను గాని, భయపడ్డవాడు నోటితో గాలి పీలుస్తాడని ఏ చిట్కాలోనూ లేదు. సలహా పైసా ఖర్చు లేనిది. నోరు మూసుకోమని నాకు చాలామందే చెప్పారు, కారణంతో సహా చెప్పింది ఆవిడొక్కరే.

ట్రే

మూర్తిగారు మంకీ క్యాప్ పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. క్యాను అందుకుని, రొయ్యల్ని తెల్ల ట్రేలోకి వంచారు. నాలుగూ కదులుతున్నాయి. నాగమణిగారి చెయ్యి ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది, గాలిలో ముంచుతూ పోస్తూ. ఆవిడకి తెలియదు.

మూర్తిగారు ట్రే మీదికి వంగేసరికి ఒక రొయ్య ఎగిరి ఆయన కళ్లద్దాల మీద పడింది. ఆయన దాన్ని అక్కడినుంచే పరిశీలించి, "దీనికేమీ లేదు" అన్నారు. తరవాత ఒకదాని మొప్ప తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. మరొకటి. ఆ పది నిమిషాలూ నేను ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాను.

"శుభ్రంగా ఉన్నాయమ్మా," అన్నారు. "నీళ్లు కూడా చూస్తాను. రోజు విడిచి రోజు చూద్దాం. కానీ ఇవి చచ్చే చెరువులోవి కావు."

నాగమణిగారు స్టూలు మీద కూర్చున్నారు. కూర్చోవడం తన వల్ల కాదన్న మనిషి. కాసేపటికి నావైపు తిరిగి, "అయితే నిన్న నా రొయ్యలకి తలంటు పోశావన్నమాట" అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఆవిడతో సహా.

"తప్పు వాడొక్కడిదే కాదు," అన్నారు మూర్తిగారు. "ఒక్క డబ్బా చూసి పంట పట్టేయమన్నాను. ఇంకో డబ్బా అడగాల్సింది నేను." ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ మాట రైతు ముందు అనడం నేను తరవాత ఎక్కడా చూడలేదు. చాలామంది ఓనర్లు వాతావరణాన్ని అంటారు. ఆ రోజు నుంచి మా ల్యాబులో చెడ్డ ఫలితం వస్తే, రెండో డబ్బా వేరే మనిషి తెచ్చేదాకా రైతుకి కబురు వెళ్లదు. కొత్తవాళ్లు ఇది బోర్డు మీద రాసుందని చదువుతారు. ఎందుకు రాసుందో ఇదీ.

తరవాత ఆయన నన్ను చూపించి, "ఇకనుంచి మీ చెరువులకి వేరే అబ్బాయిని పంపుతానమ్మా" అన్నారు.

"వద్దండి," అన్నారు ఆవిడ. "ఆ కొత్తబ్బాయి తన తప్పు కూడా నా చెరువులోనే నేర్చుకోవాలా? ఈ అబ్బాయిది అయిపోయిందిగా."

అక్కణ్ణుంచే మేస్త్రీకి ఫోను చేశారు. గట్టు మీదే ఉన్నాడు, ఎత్తాడు. "వల తీసేయండి. ఆయ్, ఖాళీగానే. ఐసు బండిని పంపించేయ్. మేత తడపండి, నేనొస్తున్నాను."

మూర్తిగారు తన హెల్మెట్ ఆవిడకిచ్చి, దింపి రమ్మని నన్ను పంపారు. ఊరు దాటాక వెనకనుంచి మాటల్లేవు. ఓ గతుకు దగ్గర నా హెల్మెట్‌కి వెనక ఏదో తగిలింది, టక్కున. మళ్లీ ఇంకో గతుకుకి, టక్. ఆవిడ నిద్రపోయారు. నా కోటు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకునే నిద్రపోయారు. అంతకు ముందు ఎన్ని రోజులుగా పడుకోలేదో నాకు తెలియదు. బండి నడక వేగానికి దించాను. గతుకు కనిపించినప్పుడల్లా చుట్టూ తిరిగి వెళ్లాను. సైకిలు మీద పాలాయన మమ్మల్ని దాటి వెళ్లాడు. కాసేపటికి పాలు పోసి తిరిగి వస్తూ ఎదురుపడ్డాడు.

చెరువు దగ్గర వల మడిచి పెట్టుకుని కూర్చున్న మేస్త్రీ మమ్మల్ని చూసి లేచాడు.

"ఏంటండి బాబూ, ఇంతసేపు చేశారు?"

"మంచండి," అన్నాను.

ఎండ చురుక్కుమంటోంది. అతను ఆకాశం వైపు చూశాడు, నా వీపు మీద వాలిన హెల్మెట్ వైపు చూశాడు, మునివేళ్ల మీద నడిచి పక్కకి తప్పుకున్నాడు.